పొగగొట్టం ఎత్తు పెంచితే గంధకం మాయం కాదు

గౌరవనీయులైన కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల శాఖ మంత్రిగారికి,



విశాఖ జిల్లాలో ముప్పై ఏళ్లకు పైగా ఫిజికల్ సైన్స్ చెప్పి రిటైరైన మాస్టారిని నేను. ఎనిమిదో తరగతికి గాలి కాలుష్యం పాఠం చెప్పే ప్రతి ఏడాదీ, వానలు మొదలవగానే పిల్లల చేత బడి డాబా మీద స్టీలు పళ్లేలు పెట్టించేవాణ్ణి. పట్టిన వాన నీళ్లలో నీలి లిట్మస్ కాగితం ముంచేవాళ్లం. ఎర్రబడుతుందేమోనని ఇరవై తలకాయలు పళ్లెం మీదికి వంగేవి. ఎన్నేళ్లు చూసినా ఎర్రబడలేదు. ఒక ఏడాది ఒక పాప అడిగింది: "మాస్టారూ, పుస్తకంలో ఉన్న ఆమ్ల వర్షం మనూళ్లో కురవదాండీ?"

"కురవదమ్మా, మన దుమ్ములో సున్నం ఉంది, అది ఆమ్లాన్ని విరిచేస్తుంది" అని చెప్పాను. అది తప్పు కాదు. కానీ సగం జవాబు. లిట్మస్ కాగితం మొరటు సాధనమనీ, పీహెచ్ నాలుగున్నర దాకా దిగితే తప్ప అది పూర్తిగా ఎర్రబడదనీ, కాబట్టి కాగితం రంగు మారకపోతే వానలో ఏమీ లేదని అర్థం కాదనీ ఆ పాపకు చెప్పలేదు. విరిగిన ఆమ్లం ఏమవుతుందో అంతకన్నా చెప్పలేదు. ఆ మిగిలిన సగాన్ని ఇప్పుడు మీకు చెప్పుకోవలసి వస్తోంది. ఎందుకంటే 2025 జులై 11న మీ శాఖ ఇచ్చిన నోటిఫికేషన్ కూడా ఆ సగం జవాబు మీదే నిలబడి ఉంది.

2015 డిసెంబర్ 7న ఇదే శాఖ బొగ్గు విద్యుత్ కేంద్రాల పొగలో సల్ఫర్ డయాక్సైడ్‌కు హద్దు పెట్టింది. 500 మెగావాట్లు, ఆపైన ఉన్న పాత యూనిట్ల పొగలో ఘనపు మీటరుకు 200 మిల్లీగ్రాములు మించకూడదు. 2017 నుంచి వచ్చే కొత్తవాటికైతే 100. రెండేళ్లలో అమలు కావాలన్నారు. మాలాంటివాళ్లం సంతోషించాం. తర్వాత గడువు 2022కు పోయింది, అక్కణ్ణుంచి ఇంకా ముందుకు, 2024 డిసెంబర్ కల్లా 2027, 2028, 2029 సంవత్సరాలకు పోయింది. జులై నోటిఫికేషన్‌తో చాలా కేంద్రాలకు ఇక గడువుతోనే పని లేకుండా పోయింది. ఢిల్లీ చుట్టూ ఉన్న జాతీయ రాజధాని ప్రాంతానికి, లేదా పది లక్షల జనాభా దాటిన నగరానికి 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి 'ఎ' వర్గం, వాటికి హద్దు ఉంది. కాలుష్యం తీవ్రంగా ఉన్న ప్రాంతాలకో, గాలి ప్రమాణాలు అందుకోని నగరాలకో 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి 'బి', వాటి సంగతి ఒక్కొక్కటిగా చూస్తారు. తక్కినవన్నీ 'సి'. దేశంలోని యూనిట్లలో నూటికి 78 దాకా ఈ 'సి'లోనే ఉన్నాయి. వాటికి సల్ఫర్ డయాక్సైడ్ హద్దు లేదు. ఒక్క షరతు ఉంది: 1990 నాటి నిబంధన చెప్పిన ఎత్తులో పొగగొట్టం ఉండాలి.

ఆ నిబంధన ప్రకారం 500 మెగావాట్ల యూనిట్‌కు 275 మీటర్ల పొగగొట్టం కావాలి. చార్మినార్ ఎత్తు 56 మీటర్లు. దాదాపు అయిదు చార్మినార్లు ఒకదాని మీద ఒకటి నిలబెట్టినంత.

మంత్రిగారూ, మన బొగ్గులో గంధకం తక్కువన్నది మీ శాఖ చెప్పే మొదటి కారణం. నిజమే, చాలావరకు అర శాతం లోపే ఉంటుంది. అయితే మన బొగ్గులో బూడిద ఎక్కువ, వేడి తక్కువ. యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాములు, ఒక్కోచోట ఇంకా ఎక్కువ కాల్చాలి. బడిలో చేయించినట్టే లెక్క చేద్దాం. 500 మెగావాట్ల యూనిట్ పూర్తి సామర్థ్యంతో రోజంతా నడిస్తే కోటీ ఇరవై లక్షల యూనిట్ల కరెంటు. దానికి దాదాపు 7,800 టన్నుల బొగ్గు. అందులో గంధకం 0.4 శాతమే అనుకున్నా 31 టన్నులు. గంధకం పరమాణు భారం 32, కాలితే రెండు ఆక్సిజన్ పరమాణువులు చేరి 64 అవుతుంది, అంటే బరువు రెట్టింపు: 62 టన్నుల సల్ఫర్ డయాక్సైడ్. కాస్త బూడిదలో ఉండిపోతుందనుకుని తీసేసినా యాభై టన్నులకు తగ్గదు. అదంతా గాలిలో నీటితో కలిసి గంధకామ్లంగా మారితే డెబ్బై అయిదు టన్నులకు పైనే. ఒక్క యూనిట్, ఒక్క రోజు. ఇలాంటి యూనిట్లు సింహాద్రి విద్యుత్ కేంద్రంలో నాలుగున్నాయి. రామగుండం, కృష్ణపట్నం, ముద్దనూరు, ఇబ్రహీంపట్నం, పాల్వంచ, మణుగూరు, దామరచర్ల అని చెప్పుకుంటూ పోతే మన రెండు రాష్ట్రాల పటం మీద ఎన్ని చుక్కలు పెట్టాలో మీకు నేను చెప్పనక్కర్లేదు. నాసా ఉపగ్రహం కొలతల ఆధారంగా గ్రీన్‌పీస్ 2019లో వేసిన జాబితాలో సింగ్రౌలి, కోర్బా, తాల్చేర్, చంద్రపూర్, నైవేలిలతో పాటు మన రామగుండం కూడా ఉంది. ప్రపంచంలో ఈ వాయువును ఎక్కువగా వదిలే దేశం ఇప్పుడు మనదే. అందులో సగానికి పైగా వచ్చేది బొగ్గు కరెంటు నుంచే.

మీ రెండో కారణం: విద్యుత్ కేంద్రాల చుట్టుపక్కల గాలిలో సల్ఫర్ డయాక్సైడ్ కొలిస్తే, ఘనపు మీటరుకు 80 మైక్రోగ్రాములన్న రోజువారీ హద్దుకు చాలా కిందే ఉంది, ఇక భయమెందుకని. నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది ఈ మాటే. అయిదు చార్మినార్ల ఎత్తు నుంచి వదిలిన పొగ ఆ గొట్టం మొదట్లో ఎలా దొరుకుతుంది? దొరక్కూడదనే కదా అంత ఎత్తు కట్టింది!

ఇంట్లో చెత్త ఊడ్చి పక్కింటి గుమ్మంలో పోసే ఈ పద్ధతిని ప్రపంచం ఒకసారి చేసి చూసింది. 1952 డిసెంబర్‌లో లండన్‌ను కమ్మిన పొగమంచు వేల మందిని చంపాక, బ్రిటన్ తన విద్యుత్ కేంద్రాలను నగరాలకు దూరంగా, ఎత్తయిన పొగగొట్టాలతో కట్టుకుంది. ఊళ్లలో గాలి తేటపడింది. కొన్నేళ్లకు ఉత్తర సముద్రానికి అవతల నార్వే, స్వీడన్‌లలో చేపలు మాయమవుతూ వచ్చాయి. ఎక్కడి పొగకు ఎక్కడి చేపలు చచ్చాయో ముడిపెట్టి చెప్పినవాడు స్వీడన్ నేల శాస్త్రవేత్త స్వాంటే ఒడేన్. 1967లో ఆయన ఆ సంగతిని దినపత్రికలో రాశాడు. 1972లో స్టాక్‌హోం సమావేశంలో స్వీడన్ ఈ గోడునే ప్రపంచం ముందు పెట్టింది. ఆ సభకు మన ప్రధాని ఇందిరాగాంధీ వెళ్లి మాట్లాడారని మీకు తెలుసు. సరిగ్గా అదే ఏడాది కెనడాలో సడ్‌బరీ నికెల్ కర్మాగారం 381 మీటర్ల పొగగొట్టం లేపింది. ఊరు పచ్చబడింది, గంధకం మాత్రం గాలివాలుకు మరింత దూరం పోయింది. గొట్టాల ఎత్తు గంధకాన్ని తగ్గించదని, అది పడే చోటును మారుస్తుందని ఆ దేశాలు నేర్చుకుని యాభై ఏళ్లయింది. మనం ఇప్పుడు దాన్నే షరతుగా రాసుకుంటున్నాం.

ఆ సరస్సుల్లో జరిగింది పిల్లలకు చెబుతుంటే తరగతి నిశ్శబ్దమైపోయేది. ఆమ్లం ఎక్కువైన సరస్సు చూడటానికి మురికిగా ఉండదు. నీళ్లు అద్దంలా, అడుగు కనపడేంత తేటగా ఉంటాయి, ఎందుకంటే అందులో చాలా రకాల నాచు, సూక్ష్మజీవులు బతకవు. చేపలను చంపేది కూడా ఒక్క ఆమ్లమే కాదు. నేలలో వేల ఏళ్లుగా మట్టికి అతుక్కుని ఎవరికీ హాని చేయకుండా ఉన్న అల్యూమినియం, ఆమ్ల నీటికి కరిగి సరస్సులోకి వస్తుంది. అది మొప్పల మీద పేరుకుని చేపకు ఊపిరాడనివ్వదు. స్వీడన్ 1970ల నుంచి తన సరస్సుల్లో సున్నపురాయి పొడి చల్లుతోంది. పడవల మీద, హెలికాప్టర్ల మీద తీసుకెళ్లి చల్లుతారు. వాన బాగుపడ్డాక కూడా ఆ పని ఆగలేదు.

ఎందుకు ఆగలేదన్నదానికి జవాబు అమెరికాలో న్యూ హాంప్‌షైర్ కొండల్లోని హబ్బర్డ్ బ్రూక్ అడవిలో దొరికింది. జీన్ లైకెన్స్, ఆయన తోటి శాస్త్రవేత్తలు 1963 నుంచి అక్కడ వాననూ, వాగు నీటినీ కొలుస్తూ వచ్చారు. 1990లో అమెరికా స్వచ్ఛ వాయు చట్టాన్ని సవరించి గంధకానికి గట్టి పరిమితి పెట్టింది. విద్యుత్ కేంద్రాల సల్ఫర్ డయాక్సైడ్ ఆ తర్వాత 90 శాతానికి పైగా తగ్గింది. వానలో ఆమ్లం తగ్గింది. అడవి మాత్రం వెంటనే తేరుకోలేదు. దశాబ్దాల పాటు కురిసిన ఆమ్లం మట్టిలోని కాల్షియాన్ని కడిగేసింది, మేపుల్ చెట్లు ఆకలితో ఉన్నాయి. 1999లో ఒక చిన్న పరీవాహక ప్రాంతమంతటా హెలికాప్టర్‌తో కాల్షియం ఉన్న ఖనిజపు పొడి చల్లితే చెట్లు కోలుకున్నాయి. గాలి వారంలో శుభ్రపడుతుంది, నేల మాత్రం పోయిన సున్నాన్ని రాతి నుంచి మళ్లీ కూడబెట్టుకోవాలి. దానికి తరాలు పడతాయి.

ఆమ్ల వర్షం వార్తల్లోంచి ఎందుకు పోయిందో ఇప్పుడు చెప్పగలను. పశ్చిమ దేశాల్లో చట్టం పనిచేసింది కాబట్టి పోయింది. చైనా కూడా 2007 తర్వాత పదేళ్లలో ఈ వాయువును నాలుగింట మూడొంతులు తగ్గించుకుంది. మన దగ్గర మాత్రం అది వార్తల్లోకి రానేలేదు, ఎందుకంటే మన దుమ్ము దాన్ని దాచింది. రాజస్థాన్ ఎడారి నుంచి, గంగా మైదానం నుంచి లేచే దుమ్ములో సున్నం పాళ్లు ఎక్కువ. గాలిలోని గంధకామ్లాన్ని అది కాల్షియం సల్ఫేట్‌గా మార్చేస్తుంది. పొలాల నుంచి, పశువుల కొట్టాల నుంచి వచ్చే అమ్మోనియా మరికొంత విరుస్తుంది. అందుకే మన దేశపు వాన చాలాచోట్ల పీహెచ్ 6, 7 మధ్య ఉండేది. మామూలు శుభ్రమైన వాన పీహెచ్ 5.6 అని పిల్లలకు చెబుతాం. మనది అంతకన్నా మెరుగనిపించేది.

ఈ కవచం పలచబడుతోంది. భారత వాతావరణ విభాగానికి దేశంలో పది చోట్ల వాన నీటిని సేకరించే కేంద్రాలున్నాయి: శ్రీనగర్, జోధ్‌పూర్, ప్రయాగ్‌రాజ్, మోహన్‌బారి, నాగపూర్, పుణె, విశాఖపట్నం, కొడైకెనాల్, మినికాయ్, పోర్ట్‌బ్లెయిర్. వాతావరణ విభాగం, పుణెలోని ఉష్ణమండల వాతావరణ శాస్త్ర సంస్థ శాస్త్రవేత్తలు 1987 నుంచి 2021 దాకా ఆ కేంద్రాల లెక్కలను పరిశీలించారు. ఎక్కువచోట్ల పీహెచ్ కిందికి జారుతోంది. ఆమ్లం వైపు మొగ్గడం కొట్టొచ్చినట్టు కనిపించిన చోట్ల అస్సాంలోని మోహన్‌బారి, ప్రయాగ్‌రాజ్‌లతో పాటు మా విశాఖ ఉంది. రిఫైనరీ, ఎరువుల కర్మాగారం, నౌకలు, బొగ్గు కరెంటు అన్నీ ఒకేచోట ఉన్న ఊరు ఇది. మా ఎర్రనేలల్లో సున్నం కూడా తక్కువ. ఇది రేపే ముంచుకొచ్చే ఉపద్రవం కాదని నేనూ ఒప్పుకుంటాను. అయితే ముప్పై నాలుగేళ్లుగా ఒకే దిక్కుకు జారుతున్న గీతను మీ నోటిఫికేషన్ రాసినవాళ్లు ఎదురుగా పెట్టుకుని ఉంటే, గంధకానికి తలుపు తెరవడానికి కాస్తయినా తటపటాయించేవాళ్లు.

ఇంకో చిక్కు ఉంది, దాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడటం లేదు. 2019లో మొదలుపెట్టిన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల్లో దుమ్ము తగ్గించమంటోంది. రోడ్లు ఊడుస్తున్నారు, నీళ్లు చల్లుతున్నారు, విద్యుత్ కేంద్రాల్లో బూడిదను పట్టే యంత్రాలు మెరుగుపరుస్తున్నారు. చేయాల్సిన పనే. కానీ ఆమ్లాన్ని విరుస్తున్నది ఆ దుమ్మూ, ఆ బూడిదే. దుమ్మును తగ్గించి గంధకాన్ని వదిలేస్తే వాన మరింత పుల్లబడుతుంది. అమెరికాలోనూ, ఐరోపాలోనూ మసినీ బూడిదనూ ముందు పట్టి గంధకాన్ని తర్వాతకు వాయిదా వేసిన కాలంలో ఇదే జరిగింది. రెండూ కలిపి చేయాల్సిన పనిని మీ శాఖలో ఒక చెయ్యి చేస్తోంది, ఇంకో చెయ్యి చెరుపుతోంది.

ఇక విరిగిన ఆమ్లం ఏమవుతుందన్నది. ఆ పాపకు నేను చెప్పని మాట ఇదే. సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో ఒకటి రెండు రోజుల్లో సల్ఫేట్ అవుతుంది. అమ్మోనియాతో కలిస్తే అమ్మోనియం సల్ఫేట్, అతి సన్నని ధూళి. పీఎం 2.5 అని మీరు ప్రతి శీతాకాలం ఢిల్లీలో లెక్కపెట్టేదాంట్లో అదొక పెద్ద వాటా. అది రోజుల తరబడి గాలిలో తేలుతుంది, వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది, ఊపిరితిత్తుల చివరి గదుల దాకా దిగుతుంది. వాన రూపంలో కురిస్తే ఆమ్ల వర్షమన్నాం, కురవకుండా ఛాతీలోకి పోతే దానికి వేరే పేరు పెట్టి వేరే ఫైల్లో పెట్టాం. పదార్థం ఒక్కటే. వందల కిలోమీటర్లు పోయే పదార్థానికి 10 కిలోమీటర్ల గీత గీసి, గీతకు అవతల ఉన్నవాళ్లకు ముప్పు లేదనడాన్ని ఏ రసాయన శాస్త్రమూ ఒప్పుకోదు. గీతకు అవతల ఉన్నది ఖాళీ భూమి కాదు. దామరచర్ల పక్క తండాలున్నాయి, మణుగూరు చుట్టూ కోయ గూడేలున్నాయి, ముద్దనూరు దగ్గర చీనీ తోటలున్నాయి. పది లక్షల మంది ఒకచోట లేనంత మాత్రాన వాళ్ల ఊపిరి చవకైపోదు.

ఖర్చు సంగతి తెలియక రాయడం లేదు. పొగను సున్నపురాయి నీళ్లతో కడిగే ఎఫ్‌జీడీ యంత్రానికి డబ్బవుతుంది, నీళ్లు, కొంత కరెంటు అది తినేస్తుంది, సున్నపురాయి నుంచి కాస్త కార్బన్ డయాక్సైడ్ కూడా వస్తుంది. గాలిలోని సల్ఫేట్ సూర్యకాంతిని వెనక్కి పంపి భూమిని కొంత చల్లగా ఉంచుతోందని, అది పోతే దాగి ఉన్న వేడి బయటపడుతుందని అనేవాళ్లున్నారు, అందులోనూ శాస్త్రం ఉంది. కానీ ఆ గొడుగును మోస్తున్నది జనం ఊపిరితిత్తులు. వేడిని తగ్గించాలంటే బొగ్గును తగ్గించాలి, విషాన్ని ఉంచుకోవడం దారి కాదు. ఖర్చుకు వస్తే, ఆ యంత్రం చివర బయటికి వచ్చేది జిప్సం. సిమెంటుకు జిప్సం దిగుమతి చేసుకుంటున్న దేశం మనది. సున్నపురాయి, సిమెంటు కర్మాగారాలు రెండూ నల్లగొండ, పల్నాడు, నంద్యాలల్లో ఉన్నాయి, విద్యుత్ కేంద్రాలకు మరీ దూరంలో కూడా లేవు. 2015 మాట నమ్మి కొన్ని సంస్థలు ఇప్పటికే ఈ యంత్రాలు బిగించాయి. హద్దే లేనప్పుడు వాటిని నడిపించేవాడెవడు? చట్టాన్ని గౌరవించినవాడు నష్టపోయి, పదేళ్లు సాగదీసినవాడు లాభపడ్డాడు.

పొలం వైపు కూడా ఒక్క మాట. యూరియా మట్టిలో నైట్రేట్‌గా మారే క్రమంలో నేలను కొద్దికొద్దిగా పులుపెక్కిస్తుంది. పైనుంచి పడే అమ్మోనియం సల్ఫేట్ చేసేదీ అదే పని. సున్నం తక్కువున్న ఎర్రనేలలో ఈ రెండూ కలుస్తాయి. నేల పరీక్ష కార్డుల్లో పీహెచ్ రాస్తూనే ఉన్నారు. ఆ కార్డులను వాన నీటి లెక్కలతో పక్కపక్కన పెట్టి చూసే పని మీ శాఖ, వ్యవసాయ శాఖ కలిసి చేయవచ్చు. కొత్త యంత్రాలేమీ అక్కర్లేదు.

నూట నలభై కోట్ల మంది ఉన్న దేశానికి పది వాన నీటి కేంద్రాలు చాలవు. ప్రతి పెద్ద విద్యుత్ కేంద్రానికి గాలివాలున ఒక వాన కొలత కేంద్రం ఉండాలి, ఆ లెక్కలు ఏళ్ల తర్వాత పరిశోధనా పత్రంలో కాకుండా వానపడిన వారంలోనే జనానికి కనపడాలి. నగరాల్లో గాలి నాణ్యత అంకెలు కూడలి బోర్డుల మీద వెలుగుతున్నాయి కదా, వాన పీహెచ్ వాటి పక్కన పెట్టడం కష్టమేమీ కాదు. ఏ యూనిట్ ఏ వర్గంలో ఉందో, రోజుకు ఎన్ని టన్నుల గంధకం వదులుతోందో ఆ కేంద్రం గేటు ముందు తెలుగులో బోర్డు పెట్టించండి. పక్క ఊరివాడికి తెలియాల్సిన మొదటి అంకె అది. వర్గాలు చేయక తప్పదనుకుంటే జనాభా గీతతో కాకుండా, వదిలే టన్నులను బట్టి, ఒకేచోట గుమిగూడిన కేంద్రాలను బట్టి చేయండి.

ఆ పాపకు ఇప్పుడు బడికెళ్లే పిల్లలున్నారు. నేను చెప్పిన జవాబును ఆమె వాళ్లకు చెబుతూ ఉంటుంది. నా వంతుగా దాన్ని ఈ ఉత్తరంలో దిద్దుకున్నాను. మీ వంతు పని మీ సంతకంతోనే అవుతుంది. 'సి' వర్గానికి ఇచ్చిన మినహాయింపును రద్దు చేసి 2015 నాటి హద్దును తిరిగి అమల్లోకి తెండి. అప్పటిదాకా, కనీసం విశాఖ వాన లెక్కలను మా విశాఖవాళ్లకు చూపించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
విశాఖపట్నం